మీ సైటు గూగుల్‌లో ఎందుకు కనబడడం లేదు? సెర్చ్ కన్సోల్ రివ్యూ

నమస్కారం. చిన్న వ్యాపారానికి సైటు పెట్టుకున్నవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సైటు తయారై నెలలు గడిచాయి. గూగుల్‌లో వెతికితే మా దుకాణం పేరు కూడా రావడం లేదు. ఎందుకు?" ఆ వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. "నెలకు ఇంత ఇస్తే మొదటి పేజీలోకి తెస్తామని ఒకరు గ్యారంటీ ఇస్తున్నారు. ఇవ్వమంటారా?"

ఇవ్వకండి. మొదటి స్థానానికి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే తన సహాయ పేజీల్లో రాసి పెట్టింది. డబ్బు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ సైటు గురించి గూగుల్ ఏమనుకుంటోందో గూగుల్ నోటనే వినండి. అందుకే ఈ రోజు, సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సాధనమైన సెర్చ్ కన్సోల్‌ను రివ్యూ చేస్తున్నాను. 2015 వరకు దీని పేరు వెబ్‌మాస్టర్ టూల్స్. పూర్తిగా ఉచితం. జీమెయిల్ ఖాతా ఉండి, సైటు మీదేనని రుజువు చేసుకోగలిగితే చాలు.

తెర మీద ఉన్నది పచ్చళ్లు అమ్మే ఒక సైటు. యజమాని అనుమతితోనే చూపిస్తున్నాను, పేరు మాత్రం కనబడకుండా చేశాను. పైన పొడవుగా ఒక పెట్టె ఉంది, చూడండి. దాన్ని యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ అంటారు. నా దృష్టిలో సెర్చ్ కన్సోల్ మొత్తంలో అన్నిటికంటే విలువైనది ఇదే. ఆవకాయ పేజీ చిరునామాను ఇందులో అతికించి ఎంటర్ నొక్కుతున్నాను. కొన్ని క్షణాలు ఆగాలి. ఇదిగో, ఈ చిరునామా గూగుల్‌లో లేదని వచ్చింది. కింద పేజీ ఇండెక్సింగ్ అన్న వరుసను తెరిస్తే కారణం ఉంటుంది. ఇండెక్సింగ్ అంటే పేజీని గూగుల్ తన జాబితాలో చేర్చుకోవడం. నోఇండెక్స్ ట్యాగ్ ఉన్నందువల్ల వదిలేశామని చెబుతోంది.

అంటే గూగుల్ రాకపోలేదు. వచ్చింది, పేజీ చదివింది, "నన్ను చేర్చుకోవద్దు" అని పేజీయే చెప్పడంతో వెనుదిరిగింది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఇది వర్డ్‌ప్రెస్ సైటు. సెట్టింగ్స్‌లో రీడింగ్ అన్న పేజీకి వెళ్తే అట్టడుగున ఒక చిన్న గడి ఉంటుంది. సెర్చ్ ఇంజిన్లు ఈ సైటును ఇండెక్స్ చేయకుండా చూడమని దాని అర్థం. సైటు ఇంకా తయారవుతున్నప్పుడు డెవలపర్లు దాన్ని టిక్ చేసి పెడతారు, అది సరైన పనే. సైటు జనంలోకి వెళ్లాక ఆ టిక్ తీసేయడం మరిచిపోతారు. ఇక్కడ జరిగింది అదే. టిక్ తీసి, సేవ్ చేసి, మళ్లీ ఇన్‌స్పెక్షన్‌కు వచ్చి లైవ్ పరీక్ష నడిపితే ఈసారి ఆకుపచ్చ గుర్తు వచ్చింది. ఇప్పుడు రిక్వెస్ట్ ఇండెక్సింగ్ నొక్కవచ్చు. దానికి రోజువారీ పరిమితి ఉంది, కాబట్టి ముఖ్యమైన పేజీలకే వాడండి. నొక్కగానే చేరుస్తారన్న హామీ కూడా లేదు. పదే పదే నొక్కినంత మాత్రాన వరుసలో ముందుకు జరగరు.

ఇక్కడే రోబోట్స్ ఫైలు గురించి, అంటే సైటుకు వచ్చే సెర్చ్ ఇంజిన్లకు సూచనలిచ్చే ఫైలు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీన్నీ నోఇండెక్స్‌నూ కలగాపులగం చేసేవాళ్లు చాలామంది. రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ పద్ధతి 1994 నాటిది, మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించారు. "ఈ గదిలోకి రావద్దు" అని చెప్పడమే దాని పని. "ఈ గది ఉన్నట్టు ఎవరికీ చెప్పవద్దు" అనడం నోఇండెక్స్ పని. రెండూ కలిపి పెట్టారనుకోండి, గూగుల్ లోపలికే రాదు కాబట్టి లోపల రాసిన నోఇండెక్స్‌ను చదవదు. వేరే సైట్లలో ఆ పేజీకి లింకు ఉంటే, వివరణ లేని ఉత్త చిరునామా ఫలితాల్లో తేలవచ్చు. దాచాలనుకున్న పేజీ బయటపడేది ఇలాగే. నోఇండెక్స్‌ను రోబోట్స్ ఫైలులోనే రాస్తే సరిపోతుందని కొందరు ఇప్పటికీ చెబుతుంటారు. గూగుల్ 2019 సెప్టెంబరు 1 నుంచి దాన్ని పట్టించుకోవడం మానేసింది.

తర్వాత పేజీల నివేదిక. ఇందులో "క్రాల్ చేశాం, ప్రస్తుతానికి ఇండెక్స్ చేయలేదు" అన్న వరుసను చూసి కంగారు పడతారు. చాలాసార్లు ఇది సాంకేతిక లోపం కాదు. పేజీని చదివి, ఇందులో ప్రత్యేకంగా ఏమీ లేదనుకుని గూగుల్ పక్కన పెట్టిందన్నమాట. ఈ సైటులోనే చూడండి. గోంగూర పచ్చడి పావుకిలోకు ఒక పేజీ, అరకిలోకు ఒక పేజీ, కిలోకు ఒక పేజీ. మూడింటిలోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకే వివరణ. ఒకే పేజీ ఉంచి, బరువును అందులోనే ఎంచుకునేలా చేయడం మంచి దారి. అది కుదరకపోతే అసలు పేజీ ఏదో కెనానికల్ ట్యాగ్‌తో చెప్పాలి. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి 2009లో తెచ్చిన పద్ధతి అది.

ఇప్పుడు మన తెలుగు సైట్లకు ప్రత్యేకమైన జబ్బు. ఇది చెప్పడానికే ఈ వీడియో చేయాలనిపించింది. లైవ్ పరీక్ష అయ్యాక, పరీక్షించిన పేజీని చూసే బటన్ ఒకటి వస్తుంది. అందులో గూగుల్‌కు అందిన హెచ్‌టీఎమ్‌ఎల్, అంటే పేజీ వెనకున్న కోడ్ కనబడుతుంది. ఈ సైటు ముఖపేజీలో పెద్ద అక్షరాలతో చక్కని తెలుగు ఉంది. కారం ఎక్కడి నుంచి తెస్తారు, నూనె ఏది వాడతారు, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, అన్నీ రాశారు. ఈ హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఆ వాక్యాల కోసం వెతకండి. ఒక్కటీ లేదు. ఒక బొమ్మ ఫైలు పేరు మాత్రం ఉంది, దానికి వివరణ కూడా ఇవ్వలేదు.

ఎందుకంటే ఆ రాత రాత కాదు, ఫోటో. డీటీపీ సెంటర్‌లో ఫ్లెక్సీకి చేయించినట్టే అను ఫాంట్లలో టైపు చేయించి, జేపీజీగా మార్చి పెట్టారు. పాత డీటీపీ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతిలో ఉండవు. వాటిలో టైపు చేసినదాన్ని తెచ్చి నేరుగా సైటులో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. అవి చూసి, బొమ్మగా పెట్టేస్తే పోలా అనుకుంటారు. కానీ ముఖ్యమైన విషయాన్ని బొమ్మలో పెట్టవద్దని గూగుల్ ఎప్పటి నుంచో చెబుతోంది. చూపు లేనివాళ్లు ఫోనులో పేజీని చదివించుకుంటే ఆ బొమ్మ దగ్గర వాళ్లకు వినిపించేది ఏమీ ఉండదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మీరు కష్టపడి రాసిన మాట కొనేవాడికీ చేరడం లేదు, వెతికేవాడికీ చేరడం లేదు. దయచేసి యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించండి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి. ఒకటి శీర్షికలకు, ఒకటి మామూలు రాతకు చాలు. అరడజను ఫాంట్లు దించితే పేజీ బరువెక్కుతుంది. వరుసల మధ్య దూరాన్ని ఇంగ్లీషుకు పెట్టినంతే పెట్టకండి. మనకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. అవి ఒకదానికొకటి తగిలితే చదివేవాడి కళ్లు అలిసిపోతాయి.

పేజీ చిరునామాను తెలుగులో పెట్టవచ్చా అని కూడా అడుగుతుంటారు. పెట్టవచ్చు, గూగుల్‌కు ఇబ్బంది లేదు. ఇబ్బంది మనుషులకే. తెలుగు అక్షరమైనా, దానికి తగిలించే దీర్ఘం లాంటి గుర్తయినా ఒక్కొక్కటీ యూటీఎఫ్-8లో, అంటే వెబ్‌లో అక్షరాలను దాచే పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటుంది, చిరునామాగా కాపీ చేసినప్పుడు 9 గుర్తులుగా మారిపోతుంది. "ఆవకాయ" అన్న చిన్న మాట 45 గుర్తులవుతుంది. వాట్సాప్‌లో పంపితే అదేదో మోసపు లింకులా కనబడుతుంది. అందుకే చిరునామా వరకు ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా ఉంచి, శీర్షికను, వివరణను తెలుగులో రాయమంటాను.

పెర్ఫార్మెన్స్ నివేదిక నాకు బాగా నచ్చుతుంది. జనం ఏ మాట టైపు చేస్తే మీ పేజీ కనబడింది, ఎంతమంది నొక్కారు అన్నది ఇక్కడ ఉంటుంది. ఈ పచ్చళ్ల సైటుకు తెలుగు లిపిలో వెతికినవాళ్లూ ఉన్నారు, అదే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాల స్పెల్లింగులతో వెతికినవాళ్లూ ఉన్నారు. ఏ స్పెల్లింగ్ ఎక్కువ వస్తోందో చూసి, దాన్ని శీర్షికలో తెలుగు పేరు పక్కన ఒకసారి చేర్చండి. అంతేగాని పేజీ కోడ్‌లో కనబడకుండా ఉండే కీవర్డ్స్ మెటా ట్యాగ్‌లో వంద మాటలు కుక్కవద్దు. ర్యాంకుకు దాన్ని వాడడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఇప్పటికీ ఆ ట్యాగ్ నింపడానికి మీ దగ్గర డబ్బు తీసుకుంటున్నారంటే, ఆ మనిషి పని మీద నాకు నమ్మకం లేదు.

లోపాలు కూడా చెప్పాలి. చాలా అరుదుగా వెతికే మాటలను గోప్యత కోసం దాచేస్తారు, కాబట్టి లెక్కలు పూర్తిగా కలవవు. పట్టికలో 1000 వరుసలకు మించి చూపదు. వివరాలు 16 నెలలే ఉంటాయి. ఆవకాయ లాంటి వేసవి వ్యాపారానికి ఇది తక్కువే. ఈ ఏడాది సీజన్‌ను నిరుటితో పోల్చగలరు, ముందటేడుతో పోల్చలేరు. సీజన్ ముగియగానే ఎగుమతి చేసి ఒక షీటులో దాచుకోండి.

వేగం సంగతి వచ్చేసరికి చిన్న సైట్లకు సెర్చ్ కన్సోల్ చేతులెత్తేస్తుంది. పేజీ వేగాన్ని చూపే కోర్ వెబ్ వైటల్స్ నివేదిక తెరిస్తే తగినంత డేటా లేదంటుంది, ఎందుకంటే అది నిజమైన సందర్శకుల క్రోమ్ నుంచి గత 28 రోజుల్లో పోగైన వివరాల మీద నడుస్తుంది. అప్పుడు వేగాన్ని పరీక్షించే మరో గూగుల్ సాధనం పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌కు వెళ్లాలి. అక్కడ 100కు వేసే మార్కు కోసం నిద్ర మానుకునేవాళ్లను చూశాను. ఆ మార్కు ఒక నమూనా ఫోను మీద నడిపిన పరీక్షది, మళ్లీ నడిపితే మారుతుంది. చూడవలసినవి మూడు. పేజీలో ప్రధానమైన భాగం 2.5 సెకన్లలో కనబడాలి. నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలో స్పందించాలి, ఈ కొలత 2024 మార్చిలో పాతదాని స్థానంలోకి వచ్చింది. చదువుతుండగా పేజీ కిందికీ పైకీ గెంతకూడదు, దానికి హద్దు 0.1. ఈ సైటులో పైనున్న జాడీల ఫోటోను ఫోనులో తీసింది తీసినట్టే ఎక్కించారు. దాన్ని తెర కొలతకు తగ్గించి, తక్కువ బరువుండే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి, వెడల్పు, ఎత్తు కోడ్‌లో రాసి పెడితే సగం సమస్య తీరిపోతుంది. మొదటి బొమ్మకు లేజీ లోడింగ్, అంటే తెర మీదికి వచ్చేదాకా బొమ్మను దించకుండా ఆపే పద్ధతి మాత్రం పెట్టవద్దు.

సైటును కొత్తగా చేయించుకునేవాళ్లు పాత చిరునామాలన్నిటినీ ముఖపేజీకే మళ్లించవద్దు. గూగుల్ వాటిని లేని పేజీలుగానే లెక్కేస్తుంది. ఆవకాయ పాత పేజీని ఆవకాయ కొత్త పేజీకే 301తో, అంటే శాశ్వతంగా మారిందని చెప్పే మళ్లింపుతో పంపి, కనీసం ఏడాది ఉంచండి.

మొత్తంమీద నేను దీనికి 5కు 4 ఇస్తాను. వేగం దగ్గర చిన్న సైట్లను వదిలేసినందుకు, పాత వివరాలను చెరిపేస్తున్నందుకు ఒకటి తగ్గించాను.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. వివరాలు జోడించిన నాటి నుంచే పోగవుతాయి కాబట్టి ఈ రోజే మొదలుపెట్టండి. సెర్చ్ కన్సోల్‌లో సైటును చేర్చేటప్పుడు డొమైన్ ప్రాపర్టీ ఎంచుకుంటే గూగుల్ ఒక టీఎక్స్‌టీ రికార్డు, అంటే సైటు మీదేనని రుజువు చేసే ఒక వరుస ఇస్తుంది. డొమైన్ కొన్న చోట డీఎన్‌ఎస్ అన్న సెట్టింగుల్లో దాన్ని అతికించాలి. అది మీ సొంత జీమెయిల్ నుంచే జరగాలి. డెవలపర్‌ను సెట్టింగ్స్‌లో యూజర్‌గా చేర్చండి, యజమాని స్థానం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. ఇప్పటికే వాళ్ల ఖాతాతో ధ్రువీకరించి ఉంటే, జాబితాలోంచి పేరు తీసేస్తే సరిపోదు. వాళ్లు పెట్టిన టీఎక్స్‌టీ రికార్డునో, హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలునో కూడా తొలగించాలి. అది అక్కడే ఉంటే వాళ్లు మళ్లీ యజమానిగా లోపలికి రాగలరు.