ప్యాంటు సైజు కాదు, పొట్ట చుట్టుకొలత

శ్రోతలకు నమస్కారం.

మా పెదనాన్నకు 68 ఏళ్లు. మాస్టారుగా రిటైరయ్యారు, చుక్క ముట్టని మనిషి. ఈ మధ్య వేరే పని మీద కడుపు స్కానింగ్ తీయిస్తే, రిపోర్టు అడుగున ఫ్యాటీ లివర్, అంటే లివర్‌లో కొవ్వు చేరింది అని రాసి వచ్చింది. "తాగేవాళ్లకొచ్చే జబ్బు నాకెందుకమ్మా?" అని నొచ్చుకున్నారు. "ఇరవై ఏళ్లుగా నా ప్యాంటు 34. బరువు కూడా పెరగలేదు" అన్నారు. రెండూ నిజమే.

పెద్దమ్మ కుట్టు మిషన్ సొరుగులోంచి టేపు తెచ్చాను. పక్కటెముకల్లో చివరిది ఎక్కడుందో తడిమి చూశాను, తుంటి ఎముక పైఅంచు ఎక్కడుందో చూశాను. ఆ రెంటికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టాను. "పెదనాన్నా, పొట్ట లోపలికి లాక్కోకండి, మామూలుగా ఊపిరి వదలండి" అన్నాను. 97 సెంటీమీటర్లు! మన దేశపు మగవాళ్లకు 90 దాటకూడదు, ఆడవాళ్లకు 80.

మరి ప్యాంటు ఎందుకు మారలేదు? బెల్టు ఏటికేడు పొట్ట కిందికి జారింది కాబట్టి. బరువెందుకు పెరగలేదు? భుజాల్లో, తొడల్లో కండ తరిగింది, ఆ లోటును పొట్టలో కొవ్వు పూడ్చింది. చేతి గడియారం మణికట్టు మీద వదులుగా తిరుగుతోంది, బనియను పొట్ట దగ్గర బిగుసుకుపోయింది. పెద్ద వయసు మగవాళ్లలో ఇది చాలా మామూలు. నాకు బాధేమిటంటే, ఇన్నేళ్లూ పక్కనే ఉండి నేనూ గమనించలేదు.

పొట్ట, షుగర్, బీపీ, రక్తంలో కొవ్వులు కలిసి గాడి తప్పడాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. తాగనివాళ్లలో ఫ్యాటీ లివర్ ఎక్కువగా దీనితోనే ముడిపడి ఉంటుంది. దీన్ని ఒక్క పరీక్షతో తేల్చరు. నడుము కొలత ఒకటి. ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వు 150 లేదా ఆపైన, మంచి కొలెస్ట్రాల్ మగవాళ్లకు 40 కంటే తక్కువ, బీపీ 130/85 లేదా ఆపైన, పరగడుపు షుగర్ 100 లేదా ఆపైన. ఈ ఐదింటిలో మూడు ఉంటే చాలు. మందులు వాడుతుంటే అదీ లెక్కే. పెదనాన్న బీపీ మాత్ర వేసుకుంటారు. షుగర్ 108, ట్రైగ్లిజరైడ్లు 190. చూసినవాళ్లంతా ప్రతిదీ "కొంచెమే ఎక్కువ" అన్నారు. అన్నీ కలిపి చూసినవాళ్లు లేరు. కలిపి చూస్తే నాలుగు!

ఇంకో మాట. లివర్ ఎంజైములు నార్మల్‌గా వచ్చినా లోపల కొవ్వు ఉండొచ్చు, మచ్చ కూడా కట్టొచ్చు. వయసు, రెండు లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్య, వీటితో ఆ మచ్చ ఉండే అవకాశం ఎంతో అంచనా వేయడానికి ఫిబ్-4 అనే చిన్న లెక్క కడతారు. వయసు 65 దాటినవాళ్లకు దాని హద్దు వేరు, అందుకే డాక్టరుగారినే అడగండి. పస్తులు మాత్రం వద్దు, ఉన్న కండ కూడా పోతుంది. పెదనాన్నకు అన్నం తగ్గించాం గానీ పప్పు, గుడ్డు తగ్గించలేదు. పొద్దున్నే నడుస్తున్నారు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చుంటున్నారు.

మీ ఇంట్లో కూడా షుగర్ రిపోర్టు ఒక కవరులో, స్కానింగ్ ఇంకో కవరులో ఉండే ఉంటాయి. అన్నీ ఒకే సంచిలో పెట్టుకొని వెళ్లండి. వెళ్లేముందు నడుము కొలిచి, ఆ అంకె కూడా ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ప్యాంటు సైజు కాదండీ, పొట్ట చుట్టుకొలత.