ఆ మాట వాళ్లదా, మనదా? కమాండ్‌లలో పాత్‌లు, ప్లేస్‌హోల్డర్లు

(హన్మకొండలో రికార్డ్ చేసిన పాడ్‌కాస్ట్ ఎపిసోడ్‌కు రాత ప్రతి. మాట్లాడినవాళ్లు: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న తమ్ముడు, కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసే అక్క.)

తమ్ముడు: అందరికీ నమస్తే. మేడ మీది గదిలో రికార్డ్ చేస్తున్నాం, మధ్యలో ఆటో హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి. ఇవాళ మనతో అక్క ఉంది. కాలేజీ ల్యాబ్‌లో పిల్లల స్క్రీన్ల మీద ఎర్ర అక్షరాలు చూడటమే ఆమె ఉద్యోగం.

అక్క: ఎర్ర అక్షరాలు పవర్‌షెల్‌లోనే తమ్మీ. కమాండ్ ప్రాంప్ట్ తెల్లగానే తిడుతుంది. రెండూ విండోస్‌లో కమాండ్‌లు టైప్ చేసే కిటికీలు, అలాంటి కిటికీనే టెర్మినల్ అంటారు.

తమ్ముడు: (నవ్వు) సరే. పరకాల నుంచి ఒకామె వాయిస్ మెసేజ్ పంపింది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటోంది. సూచనల్లో మొదటి లైనే "సీడీ, పాత్ స్లాష్ టు స్లాష్ యువర్ స్లాష్ ప్రాజెక్ట్" అని ఉంది. ఆమె ఉన్నది ఉన్నట్టు కొట్టింది. "ద సిస్టమ్ కెనాట్ ఫైండ్ ద పాత్ స్పెసిఫైడ్" అని వచ్చింది. స్పెల్లింగ్ తప్పేమోనని మళ్లీ మళ్లీ చూసుకుందట.

అక్క: స్పెల్లింగ్ కరెక్టే. ఆ పేరున్న ఫోల్డర్ ఆమె కంప్యూటర్‌లో లేదు, అంతే. రాసినవాళ్ల కంప్యూటర్‌లో కూడా ఉండదు. "నీ ప్రాజెక్ట్ ఫోల్డర్ ఎక్కడుందో ఆ దారి (పాత్) ఇక్కడ పెట్టుకో" అని వాళ్ల ఉద్దేశం. ఆ ముక్క మాత్రం చెప్పలేదు. తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

తమ్ముడు: అంటే ఆమె తప్పేం లేదంటావు.

అక్క: ఏం లేదు. చెప్పింది చెప్పినట్టు చేయడం తప్పెలా అవుతుంది? మా ల్యాబ్‌లో పిల్లలకు ఒకటే అలవాటు చేస్తాను. ఎంటర్ కొట్టే ముందు లైన్‌లోని ఒక్కో ముక్క దగ్గర ఆగి అడుగు: ఈ మాట వాళ్లదా, నాదా? "సీడీ" అన్నది ఫోల్డర్ మారే కమాండ్, అది వాళ్లది, మార్చొద్దు. ఫోల్డర్ పేరు నాది, నేనే పెట్టాలి. ఆ రెండో రకాన్నే ప్లేస్‌హోల్డర్ అంటారు. అది ఖాళీ జాగా, కాకపోతే ఖాళీగా కనిపించకుండా ఏదో ఒక మాటతో నింపి ఉంటుంది. చిక్కంతా అక్కడే.

తమ్ముడు: మరి గుర్తుపట్టేదెట్లా?

అక్క: ఒకే రూల్ లేదు. రాసేవాళ్లు ఎవరి పద్ధతి వాళ్లది. ఎక్కువగా < > ఈ యాంగిల్ బ్రాకెట్ల మధ్య పెడతారు. కొందరు మొత్తం పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్ పెట్టి రాస్తారు, "యువర్ అండర్‌స్కోర్ నేమ్" అన్నట్టు. "యువర్", "మై", "పాత్ టు", "ఫూ", "బార్", "ఎగ్జాంపుల్" కనిపిస్తే అనుమానించాలి. ఎగ్జాంపుల్ డాట్ కామ్ అయితే ఇలాంటి ఉదాహరణల కోసమే 1999 నుంచి పక్కన పెట్టిన చిరునామా. అది ఎవరి సైటూ కాదు.

తమ్ముడు: చదరపు బ్రాకెట్లు కూడా చూశాను.

అక్క: చదరపు బ్రాకెట్‌లో ఉంటే ఇష్టముంటే పెట్టు, లేకుంటే వదిలెయ్ అని. మూడు చుక్కలుంటే అలాంటివి ఇంకా ఇవ్వొచ్చని. బ్రాకెట్లను మాత్రం టైప్ చేయొద్దు. పేరు మార్చి బ్రాకెట్లు అలాగే ఉంచేస్తారు చూడు, దాని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి.

తమ్ముడు: ఉంచితే ఏమవుతుంది? ఎర్రర్ వస్తుంది, అంతే గదా.

అక్క: ఎర్రర్ వస్తే అదృష్టం. పవర్‌షెల్ అయితే "ఈ గుర్తును భవిష్యత్తు కోసం దాచిపెట్టాం" అన్న అర్థంలో ఇంగ్లిష్‌లో చెప్పి ఆగిపోతుంది. లినక్స్‌లో, మ్యాక్‌లో, కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ గుర్తులకు సొంత పని ఉంది. < అంటే ఈ ఫైల్‌లోంచి చదువుకో అని. > అంటే వచ్చిన జవాబును ఈ ఫైల్‌లో రాయి అని. నీ ప్రాజెక్ట్ పత్తి రేట్ల మీద గదా?

తమ్ముడు: అవును, ఎనుమాముల మార్కెట్ రేట్లు. రోజువారీ ధరలు ఒక సీఎస్‌వీ ఫైల్‌లో, అంటే కామాలతో విడదీసిన పట్టికలో పెట్టుకున్నాను, పేరు కాటన్ డాట్ సీఎస్‌వీ.

అక్క: సూచనలో "పైథాన్, క్లీన్ డాట్ పీవై, బ్రాకెట్‌లో ఇన్‌పుట్ ఫైల్, ఆ తర్వాత రిపోర్ట్ డాట్ సీఎస్‌వీ" అని ఉందనుకో. నువ్వు ఇన్‌పుట్ ఫైల్ తీసేసి కాటన్ డాట్ సీఎస్‌వీ అని పెట్టావు, బ్రాకెట్లు మాత్రం తీయలేదు. లినక్స్ టెర్మినల్ దాన్ని ఎలా చదువుతుందంటే, కాటన్ నుంచి చదువు, వచ్చిందంతా రిపోర్ట్‌లో రాయి. రిపోర్ట్‌లో అంతకుముందు ఏముందో అది పోతుంది. అడగదు, హెచ్చరించదు, రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లదు.

తమ్ముడు: అమ్మో. పోయిన నెల రేట్లన్నీ అందులోనే ఉంటే?

అక్క: గంతే సంగతి. అందుకే ఫైల్ కాపీ ఒకటి పక్కన పెట్టుకునే ప్రయోగాలు చేయమంటాను.

తమ్ముడు: ఇంకో డౌట్. కొన్ని కమాండ్‌ల ముందు డాలర్ గుర్తు ఉంటుంది. అది కూడా కొట్టాలా?

అక్క: వద్దు. అది టెర్మినల్ తనంతట తాను చూపించే గుర్తు, "చెప్పు, వింటున్నా" అన్నట్టు. రాసినవాళ్లు తమ స్క్రీన్ ఎలా ఉందో అలాగే దించేస్తారు. నువ్వు దాన్ని కూడా కాపీ చేస్తే "డాలర్ అనే కమాండ్ లేదు" అంటుంది. డాలర్ బదులు హ్యాష్ గుర్తు ఉంటే, ఆ లైన్ అడ్మిన్ హక్కులతో నడపాలని సూచన. హ్యాష్‌తో సహా కాపీ చేశావనుకో, చాలాసార్లు ఏమీ జరగదు, నడపనక్కర్లేని కామెంట్ అనుకుని వదిలేస్తుంది. జరిగిందనుకుని మనం ముందుకు పోతాం. ఎర్రర్ రాకపోవడం కూడా మంచిది కాదప్పుడు.

తమ్ముడు: ఇప్పుడు పాత్‌ల సంగతి. నన్ను ఎక్కువ పరేషాన్ చేసేది ఇదే. ఫైల్ కళ్ల ముందే డెస్క్‌టాప్ మీద కనిపిస్తుంది, కంప్యూటర్ మాత్రం లేదంటుంది.

అక్క: నీ కళ్లకు కనిపించేదానితో దానికి సంబంధం లేదు. టెర్మినల్ ఎప్పుడూ ఏదో ఒక ఫోల్డర్‌లో నిలబడి ఉంటుంది. ఉత్త ఫైల్ పేరు ఇస్తే, నిలబడ్డ చోటే వెతుకుతుంది, పక్క ఫోల్డర్‌లోకి తొంగి కూడా చూడదు. హన్మకొండ చౌరస్తాలో నిలబడ్డవాడికి "రెండో గల్లీ, ఎడమ పక్కన మూడో ఇల్లు" అని చెప్తే చేరతాడు. అదే మాట కాజీపేట స్టేషన్ బయట నిలబడ్డవాడికి చెప్తే ఇంకెవరి తలుపో కొడతాడు. అది రిలేటివ్ పాత్. ఎక్కడ నిలబడినా చేరాలంటే జిల్లా, ఊరు, వీధి, ఇంటి నంబర్‌తో మొత్తం చిరునామా ఇవ్వాలి. అది ఆబ్సల్యూట్ పాత్.

తమ్ముడు: నేను ఎక్కడ నిలబడ్డానో తెలిసేదెలా?

అక్క: విండోస్‌లో కర్సర్ ముందే రాసి ఉంటుంది, సీ కోలన్, బ్యాక్‌స్లాష్, యూజర్స్, నీ పేరు అని. దాన్ని ఎవరూ చదవరు! లినక్స్, మ్యాక్‌లో పీడబ్ల్యూడీ అని కొడితే చెప్తుంది. ఆ ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో చూడాలంటే విండోస్‌లో డీఐఆర్, మిగతావాటిలో ఎల్‌ఎస్. ఒక చుక్క అంటే ఇక్కడే, రెండు చుక్కలంటే ఒక మెట్టు పైకి, కమాండ్ ప్రాంప్ట్‌లో తప్ప మిగతావాటిలో టిల్డా (~) అంటే నీ హోమ్ ఫోల్డర్.

తమ్ముడు: సీడీ డీ కోలన్ అని కొట్టినా నా కమాండ్ ప్రాంప్ట్ సీ లోనే ఉండిపోయిందక్కా ఒకసారి.

అక్క: కమాండ్ ప్రాంప్ట్ పాత మనిషి. డ్రైవ్ మారాలంటే ఉత్త డీ కోలన్ అని కొట్టాలి, లేదా సీడీ తర్వాత స్లాష్ డీ అని చేర్చాలి. పవర్‌షెల్‌కు ఈ పట్టింపు లేదు.

తమ్ముడు: అసలు ఈ స్లాష్ గొడవ ఏంది? విండోస్‌లో ఒక పక్కకు, లినక్స్‌లో ఇంకో పక్కకు.

అక్క: 1981లో వచ్చిన మొదటి డాస్‌లో, అంటే విండోస్‌కు ముందటి మైక్రోసాఫ్ట్ సిస్టమ్‌లో, ఫోల్డర్లే లేవు. కమాండ్‌కు ఆప్షన్లు ఇవ్వడానికి మామూలు స్లాష్ వాడేశారు. 1983లో రెండో వెర్షన్‌తో ఫోల్డర్లు వచ్చేసరికి ఆ గుర్తు ఖాళీ లేదు, అందుకని వెనక్కి వాలిన స్లాష్ పెట్టారు. యునిక్స్ అనే ఇంకో సిస్టమ్ అప్పటికే ఎన్నో ఏళ్లుగా మామూలు స్లాష్ వాడుతోంది, లినక్స్, మ్యాక్ దాని వారసులు. సీ డ్రైవ్ కూడా ఆ కాలం ముచ్చటే. ఏ, బీ అక్షరాలు ఫ్లాపీలకు పోయాయి. ఫ్లాపీలు పోయినా అక్షరాలు తిరిగి రాలేదు.

తమ్ముడు: సూచనలో సీ, యూజర్స్, ఆ తర్వాత ఇంకెవరిదో పేరు ఉంటే, అక్కడ నా పేరు పెట్టాలి, అంతే గదా?

అక్క: నీ పేరు కాదు, నీ యూజర్ ఫోల్డర్ పేరు. రెండూ ఒకటి కాకపోవచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో విండోస్ సెటప్ చేస్తే, మామూలుగా ఈమెయిల్‌లోని మొదటి ఐదు అక్షరాలే ఫోల్డర్ పేరుగా పడతాయి. ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచే వన్‌డ్రైవ్ ఆన్‌లో ఉంటే డెస్క్‌టాప్ కూడా జాగా మారిపోవచ్చు, యూజర్ ఫోల్డర్‌లో వన్‌డ్రైవ్, అందులో డెస్క్‌టాప్. నువ్వు కళ్ల ముందే ఉందన్న ఫైల్ చాలాసార్లు అక్కడ ఉంటుంది.

తమ్ముడు: ఇవన్నీ గుర్తుపెట్టుకుని టైప్ చేయాలంటే టెన్షనే.

అక్క: ఎందుకు టైప్ చేస్తావు? పాత్‌ను చేత్తో రాయొద్దనే నేను చెప్పేది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ ఫోల్డర్ తెరువు, పైన అడ్రస్ బార్‌లో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కు. కమాండ్ ప్రాంప్ట్ సరిగ్గా ఆ ఫోల్డర్‌లోనే తెరుచుకుంటుంది. ఇక ఫైల్ పేరు ఒక్కటే చాలు. లేదంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ యాజ్ పాత్ తీసుకో. విండోస్ 10లో షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేయాలి. మ్యాక్‌లో ఫైల్‌ను లాగి టెర్మినల్ మీద వదిలితే దాని పాత్ వచ్చి పడుతుంది. పేరు మొదటి రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది టెర్మినలే నింపుతుంది. నింపలేదంటే అవే అక్షరాలతో ఇంకో ఫైల్ ఉండొచ్చు, లేదా ఆ ఫైల్ అక్కడ లేకపోవచ్చు; ఎర్రర్ దాకా పోకుండా ముందే చూసుకోవచ్చు గదా.

తమ్ముడు: పేరులో ఖాళీ ఉంటే? నా ఇంకో ఫైల్ పేరు "కాటన్ రేట్స్", మధ్యలో స్పేస్.

అక్క: స్పేస్ కనిపిస్తే మాట అయిపోయిందనుకుంటుంది, నీది రెండు ఫైళ్లని లెక్కేస్తుంది. మొత్తాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టు. ఆ కోట్స్ నిటారుగా ఉండాలి. సూచనలు వర్డ్ ఫైల్‌లో దాచుకుంటారు చూడు, వర్డ్ వాటిని వంకర కోట్స్ చేస్తుంది, రెండు హైఫన్లను కలిపి ఒక పొడుగు గీత చేస్తుంది. చూడటానికి అందంగానే ఉంటుంది, టెర్మినల్‌లో పనిచేయదు. నోట్‌ప్యాడ్‌లో దాచుకో.

తమ్ముడు: నోట్‌ప్యాడ్ అంటే గుర్తొచ్చింది, అందులో సేవ్ చేసిన ఫైల్ కూడా దొరకదు ఒక్కోసారి.

అక్క: విండోస్ ఎక్స్‌టెన్షన్‌లను, అంటే పేరు చివర చుక్క తర్వాతి అక్షరాలను, దాచిపెడుతుంది. డేటా డాట్ సీఎస్‌వీ అని నువ్వు పేరు పెడతావు, అది ఒక్కోసారి డేటా డాట్ సీఎస్‌వీ డాట్ టీఎక్స్‌టీ అయి కూర్చుంటుంది. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూలోకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసుకో. కొత్త కంప్యూటర్‌లో నేను చేసే మొదటి పని అదే. లినక్స్‌లో అయితే పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉన్నా వేరే ఫైల్ కిందే లెక్క.

తమ్ముడు: కాపీ చేసిన పాత్‌ను పైథాన్ ప్రోగ్రామ్‌లో పెడితే "యూనికోడ్ ఎస్కేప్" అని ఏదో పొడుగు ఎర్రర్ వచ్చింది.

అక్క: పైథాన్‌కు బ్యాక్‌స్లాష్ అంటే తర్వాతి అక్షరానికి ప్రత్యేక అర్థం. యూజర్స్ ముందు బ్యాక్‌స్లాష్ ఉంటే, అది బ్యాక్‌స్లాష్ యూ అయింది, దాని తర్వాత యూనికోడ్ నంబర్ వస్తుందని ఎదురుచూసి, రాకపోయేసరికి ఆగిపోయింది. కోట్స్ ముందు ఆర్ అక్షరం చేర్చు, లేదా మామూలు స్లాష్‌లే పెట్టు. విండోస్ మీద నడిచే పైథాన్ వాటినీ ఒప్పుకుంటుంది.

తమ్ముడు: జాగ్రత్తలు ఏమైనా చెప్తావా?

అక్క: రెండే. ఫైళ్లు తుడిచేసే కమాండ్, ఆర్‌ఎమ్ లాంటిది, అందులో ప్లేస్‌హోల్డర్ ఉంటే ముందు అదే పాత్‌ను ఎల్‌ఎస్‌కు ఇచ్చి చూడు. పోయేవి ఏవో చాలావరకు అక్కడే కనిపిస్తాయి. ఇంకోటి, "యువర్ ఏపీఐ కీ" అన్న చోట నీ అసలు కీ, అంటే ఒక ఆన్‌లైన్ సర్వీస్ వాడుకోవడానికి నీకిచ్చిన రహస్య కోడ్, పెట్టాక, ఆ లైన్ ఫోటో తీసి వాట్సాప్ గ్రూప్‌లో "అన్నా, పని చేస్తలేదు" అని పంపొద్దు. సాయం అడిగేటప్పుడు మళ్లీ ప్లేస్‌హోల్డర్ పెట్టి పంపు.

తమ్ముడు: చివరగా మంచిర్యాల నుంచి ఒక ప్రశ్న. ఫోల్డర్లకు తెలుగులో పేర్లు పెట్టుకోవచ్చా అని.

అక్క: పెట్టుకోవచ్చు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ తెలుగు అక్షరాలను ఒప్పుకుంటాయి. ఫోటోలకు, పాటలకు హాయిగా పెట్టుకోండి. టెర్మినల్‌తో పని ఉన్న ఫోల్డర్‌కు మాత్రం, ఇప్పటికైతే, ఇంగ్లిష్‌లో చిన్న పేరు, మధ్యలో స్పేస్ లేకుండా పెట్టమంటాను. కొన్ని పాత టూల్స్ తెలుగు చూడగానే తడబడతాయి, కొన్నిచోట్ల అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. అది మన భాష లోపం కాదు, ఆ టూల్స్ రాసినవాళ్ల బద్ధకం.

తమ్ముడు: పరకాల అక్కా, విన్నావు గదా, ఎక్స్‌ప్లోరర్‌లో నీ ప్రాజెక్ట్ ఫోల్డర్ తెరిచి, అడ్రస్ బార్‌లో సీఎండీ కొట్టు. ఆ మొదటి లైన్ నీకు అవసరమే ఉండదు. రెండో లైన్‌లో ఏమైనా అడ్డం వస్తే మళ్లీ వాయిస్ మెసేజ్ పెట్టు. ఉంటాం మరి.