ఓపెన్ సోర్స్ సముదాయాల్లో తగవు తీర్చేదెవరు?

సభకు నమస్కారం.

కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, వేర్వేరు దేశాల నుంచి ఒకే కోడ్‌పై పనిచేసేవారి మధ్య మాట తూలడం ఎంత సులభమో మీలో చాలామందికి అనుభవమే. మాట తూలినవారు ఆ ప్రాజెక్టుకు పెద్దలైతే, కంచే చేను మేస్తున్నదని ఎవరితో చెప్పుకోవాలన్నదే నేటి నా ప్రశ్న.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్ ప్రాజెక్టులో 2015లో ‘కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్’ అనే చిన్న పత్రం చేరింది. కోడ్‌పై విమర్శ తప్పదని ముందే హెచ్చరించి, వ్యక్తిగతంగా అవమానం జరిగిందనుకున్నవారు లినక్స్ ఫౌండేషన్ సాంకేతిక సలహా మండలికి చెప్పుకోవచ్చని అందులో రాశారు. మూడేళ్ళ తర్వాత, 2018 సెప్టెంబరులో, లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ తన ఈమెయిళ్ళలోని దూషణలకు స్వయంగా క్షమాపణ చెప్పి కొన్ని వారాలు పక్కకు తప్పుకోగా, కెర్నల్ 4.19 వెర్షన్ విడుదలను మరో నిర్వాహకుడు గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ పూర్తిచేశారు. ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు వాడే ప్రవర్తనా నియమావళి ‘కాంట్రిబ్యూటర్ కవెనెంట్’ ఆధారంగా కొత్త నియమావళి వచ్చింది కూడా అప్పుడే.

నియమావళి ఏదైనా, దాన్ని అమలు చేసేవారికి ముందుగా కావలసింది వివేచన. ‘లోపం ఎదురైనప్పుడు మీ ఫంక్షన్ లాక్ విడవకుండానే వెనుదిరుగుతోంది, ఈ ప్యాచ్ (కోడ్ మార్పు) తీసుకోను’ అన్న సమీక్ష కటువుగానే ఉంటుంది, కానీ ఏ వరుస దిద్దుకోవాలో రాసినవారికి తెలుస్తుంది. ‘ఇలాంటి చెత్త రాసేవాణ్ణి ఎవరు రానిచ్చారు’ అన్న మాటలో లాక్ ఊసే లేదు. మొదటిదాన్ని కూడా ఫిర్యాదుగా స్వీకరిస్తే సమీక్షలు చేసేవారు మిగలరు. (మన వినయం ఒక్కోసారి ‘బాగుంది’ అనేసి తప్పును దాటవేస్తుంది, అదీ మేలు చేయదు.)

దూషణ లేని వేడి కూడా మనుషులను అలసిపోయేలా చేస్తుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో పెప్ 572 అనే మార్పు ప్రతిపాదనపై సాగిన వాగ్వాదం తర్వాత, 2018 జులైలో ఆ భాష సృష్టికర్త గీడో వాన్ రాసమ్ నిర్ణయాధికారాన్ని వదులుకున్నారు. మరుసటి ఏడు ఐదుగురి మండలి ఎన్నికైంది.

రస్ట్ అనే మరో ప్రోగ్రామింగ్ భాష అనుభవం ఇంకా చేదైనది. 2021 నవంబరులో ప్రవర్తనా నియమాలను అమలు చేసే మోడరేషన్ బృందమంతా ఒకేసారి రాజీనామా చేసి, ప్రాజెక్టును నడిపించే కోర్ బృందం తనకు తప్ప ఎవరికీ జవాబుదారీగా లేదని ప్రకటించింది. వివాదం వివరాలను గోప్యత కోసం బయటపెట్టలేదు గనుక దాని మంచిచెడ్డలు మనం తేల్చలేం. కానీ నియమాలు రాసి ఉన్నా పైవారికి అవి వర్తించే దారి లేదన్నది మాత్రం తేటతెల్లమైంది. 2023లో కోర్ బృందం స్థానంలో నాయకత్వ మండలి ఏర్పడి, అందులో మోడరేషన్ బృందానికీ ఒక ప్రతినిధి దక్కారు. మండలిలోనూ మోడరేషన్ బృందంలోనూ లేనివారితో ప్రత్యామ్నాయ మోడరేటర్ల జాబితాను ముందే ప్రకటించి ఉంచాలన్న నిబంధన నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే తగవు రేగాక మధ్యవర్తి కోసం వెతికితే ఇరుపక్షాలూ అనుమానిస్తాయి.

లినక్స్ కెర్నల్‌లో 2024 నవంబరులో ఈ ప్రశ్న మళ్ళీ తలెత్తింది. బహిరంగంగా సహచరుణ్ణి దూషించిన ఒక ఫైల్ సిస్టమ్ నిర్వాహకుడు బహిరంగ క్షమాపణ చెప్పలేదని, కెర్నల్ 6.13 వెర్షన్ అభివృద్ధి కాలమంతా ఆయన పుల్ రిక్వెస్టులను (తన కోడ్‌ను చేర్చుకోమని పంపే అభ్యర్థనలను) స్వీకరించకుండా ఆంక్ష విధించారు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టినవారూ ఉన్నారు, కానీ శిక్ష ఏమిటో, ఎంతకాలమో, ఎవరు విధించారో వారికి కూడా స్పష్టంగా తెలుసు.