ఇసుక ఈగ కోసం మురుగుకాలువలో వెతకకండి

[తెరపై పటం: పెన్‌గంగ, ప్రాణహిత నదులు, వాటికి ఇరువైపులా ఉన్న జిల్లాలు]

నమస్కారం. వానలు మొదలై, పిల్లలకు వచ్చే మెదడువాపు జ్వరం గురించి పత్రికల్లో ఒక్క వార్త పడగానే మన సరిహద్దు ఊళ్లలో ఏటా ఒకే రకమైన హడావుడి కనిపిస్తుంది. ఇటు ఆదిలాబాద్, ఆసిఫాబాద్ పల్లెల్లోనూ, ప్రాణహిత దాటితే సిరొంచ వైపున్న తెలుగు ఊళ్లలోనూ నీళ్ల తొట్లు బోర్లిస్తారు, కాలువల్లో మందు చల్లుతారు, సాయంత్రం ఫాగింగ్ యంత్రం వీధుల్లో తిరుగుతుంది, దానితో ఆ జ్వరానికి ఒక కారణమైన చండీపురా వైరస్‌కు అడ్డుకట్ట పడిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. డెంగీకి, మలేరియాకు ఆ పనులు అవసరమే కనుక వాటిని మానమని నేను అనను. కానీ చండీపురా వైరస్‌ను ప్రధానంగా మోసేది దోమ కాదు, ఇసుక ఈగ. అది తన జీవితంలో ఏ దశలోనూ నీటిలో ఉండదు. ఇంత ముఖ్యమైన విషయం ఇరవై ఏళ్లుగా ఊళ్లకు సరిగా చేరకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది.

ఉదాహరణకు ఒక పశువుల కొట్టాన్ని తీసుకుందాం. ఈ వీడియోలో చాలాసేపు మనం ఆ కొట్టంలోనే ఉంటాం. అది ఇంటి వెనుక గోడకు ఆనించి కట్టింది. మట్టి గోడలు, గూనపెంకుల కప్పు, లోపల రెండు ఎడ్లు, ఒక ఆవు, మూలన జొన్న చొప్ప, బయట పెంటకుప్ప. ఎండలకు గోడ మొదట్లో నెర్రెలు విచ్చాయి. ఆ నెర్రెల్లోకి పేడ పొడి, గడ్డి నలుసులు, పశువుల మూత్రం తాలూకు తేమ ఏళ్ల తరబడి చేరుతూ వచ్చాయి. మన కంటికి అది పాత గోడ మాత్రమే. గుడ్లు పెట్టబోయే ఆడ ఇసుక ఈగకు మాత్రం అంతకంటే అనువైన చోటు లేదు, ఎందుకంటే అక్కడ వెలుతురు పడదు, గాలి తగలదు, తేమ ఆరిపోదు, పుట్టబోయే లార్వాలకు కావలసిన తిండి కూడా అక్కడే ఉంది.

[తెరపై చిత్రం: నెర్రెలోని మట్టి, పెద్దది చేసి చూపినది]

ఆ ఈగ ఒక్కసారికి కొన్ని పదుల గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వచ్చే లార్వాలు కుళ్లిన సేంద్రియ పదార్థాన్ని తింటూ నాలుగు దశలు గడిపి, ప్యూపాగా మారి, ఆ తరువాత రెక్కల ఈగలై బయటికి వస్తాయి. వేడిని, తేమను బట్టి ఇదంతా జరగడానికి సుమారు నెల నుంచి రెండు నెలలు పడుతుంది. దోమ లార్వా అయితే నీటి తొట్టిలో తోక కొట్టుకుంటూ తిరుగుతుంది, ఎవరైనా చూసి గుర్తుపట్టగలరు. ఇసుక ఈగ లార్వాను వెతకడానికి పరిశోధకులు కిలోల కొద్దీ మట్టిని జల్లించి, చివరికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని పురుగులతో తిరిగి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. దోమల మీద పనిచేసే పద్ధతి, అంటే లార్వా దశలోనే చంపివేయడం, ఇక్కడ ఆచరణలో అంత కష్టం కావడానికి కారణం ఇదే. కొట్టం గోడ ఒక్కటే కాదు, ఎలుక బొరియలు, చెదపుట్టలు, చెట్టు తొర్రలు, కోళ్ల గూళ్లు, రాతి సందులు కూడా వీటికి నివాసాలే.

ఇప్పుడు సాయంత్రం అయింది, కొట్టంలో చీకటి పడుతోంది. నెర్రెలో నుంచి ఎదిగిన ఈగ బయటికి వస్తుంది. దాని పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు, దోమలో మూడో వంతు ఉంటుంది. ఒళ్లంతా నూగు ఉంటుంది. వాలినప్పుడు రెక్కలను వీపు మీద మడవకుండా, రెండు పక్కలకూ ఏటవాలుగా పైకి నిలిపి ఉంచుతుంది కనుక టార్చిలైటు వెలుగులో గోడ మీద దీన్ని గుర్తుపట్టడానికి అదే మంచి ఆనవాలు. దోమలా చెవి దగ్గర రొద చేయదు. దూరం ఎగరలేదు, గోడ మీద చిన్న చిన్న గెంతులతో సాగుతుంది, సాధారణంగా పుట్టిన చోటి నుంచి కొన్ని వందల మీటర్లు దాటదు. కాస్త గాలి వీచినా ఎగరడం మానేస్తుంది. ఊరి చివర ఉన్న మురుగుగుంట కంటే మీ పడకకు పది అడుగుల దూరంలో ఉన్న కొట్టం గోడ గురించి ఎక్కువ ఆలోచించమని నేను చెప్పేది అందుకే.

మగ ఈగా, ఆడ ఈగా రెండూ మొక్కల తీపి రసాలు తాగి బతుకుతాయి. రక్తం కావలసింది గుడ్లు పెట్టే ఆడ ఈగకు మాత్రమే. అది రక్తం తాగే తీరు నన్ను ఎంతగానో ఆకర్షిస్తుంది, ఎందుకంటే రోగం ఎలా పాకుతుందన్న కథ మొత్తం అందులోనే ఉంది. దోమ తన పొడవైన సన్నని తొండాన్ని చర్మంలోకి దించి, రక్తనాళాన్ని వెతికి పట్టుకుని, నేరుగా దానిలో నుంచి పీలుస్తుంది. ఇసుక ఈగ నోరు పొట్టిది, దాని అంచులకు కోసే పళ్లుంటాయి, కనుక దానికి ఆ పద్ధతి కుదరదు. ఎండాకాలంలో పెన్‌గంగ ఇసుకలో చెలమ తీయడం మనకు తెలిసిందే. ఇసుక తోడితే గుంటలోకి నీరు ఊరుతుంది, ఊరిన నీటిని ముంచుకుంటాం. ఇసుక ఈగ మన చర్మంలో చేసేది సరిగ్గా ఆ పనే. పై చర్మాన్ని కోసి, సన్నని రక్తనాళాలను తెంపి, అక్కడ ఊరిన రక్తపు చెలమలో నుంచి తాగుతుంది. ఆ చెలమ గడ్డకట్టి పూడిపోకుండా తన లాలాజలాన్ని అందులో కలుపుతుంది.

ఇసుక ఈగ మోసే మరో రోగం కాలా అజార్, అంటే రోజుల తరబడి జ్వరంతో ప్లీహం ఉబ్బే జబ్బు. ఇక దాన్ని కలిగించే లీష్మేనియా అనే ఏకకణ పరాన్నజీవికి ఈ చెలమ ఎలా ఉపయోగపడుతుందో చూద్దాం. రోగి శరీరంలో ఆ పరాన్నజీవి రక్షణ కణాల లోపలే దాగి ఉంటుంది. ఈగ చెలమ తీసినప్పుడు ఆ కణాలు రక్తంతో పాటు దాని కడుపులోకి పోతాయి. అక్కడ రక్తపు ముద్ద చుట్టూ ఒక పొర ఏర్పడుతుంది, జీర్ణం కాగా మిగిలినది కొద్ది రోజుల్లో విసర్జన అయిపోతుంది. ఆ లోపే పరాన్నజీవి తోక గల రూపంలోకి మారి, పొరను దాటి, పేగు గోడను పట్టుకోవాలి. పట్టుకున్నవి వేల సంఖ్యలో పెరిగి, గొంతు వైపు జరిగి, అక్కడ జిగురు వంటి పదార్థంతో దారిని కొంత మూసివేస్తాయి. ఆ తరువాత ఈగ రక్తం తాగబోతే సరిగా లోపలికి దిగదు. ఆకలి తీరక అది మళ్లీ మళ్లీ కుడుతుంది, కుట్టిన ప్రతిసారీ ఆ జిగురును, పరాన్నజీవులను కొత్త చెలమలోకి కక్కుతుంది. గాయాన్ని బాగుచేయడానికి మన శరీరం పంపిన రక్షణ కణాలు ఆ చెలమ దగ్గరికే వస్తాయి, పరాన్నజీవిని మింగుతాయి, తరువాత దానికే ఇల్లుగా మారతాయి. ఈ మొత్తం ప్రయాణానికి ఈగ కనీసం వారం పది రోజులు బతికి, రెండోసారి రక్తం తాగాలి. పిన్న వయసు ఈగ కంటే ముసలి ఈగ ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

[తెరపై చిత్రం: ఎండు ద్రాక్ష]

దీన్ని రుజువు చేయడానికి శాస్త్రవేత్తలు చాలా ఏళ్లు కష్టపడ్డారు. ప్రయోగశాలలో ఈగలకు రోగి రక్తం తాగించినా వాటి కాటుతో రోగం అంటేది కాదు, ఎందుకంటే వాటిలో చాలా వరకు రెండోసారి రక్తం తాగే ముందే చనిపోయేవి. రక్తం తరువాత వాటికి ఎండు ద్రాక్షల తీపి రసం ఇచ్చినప్పుడు ఈగలు ఎక్కువ రోజులు బతికాయి, వాటి గొంతుల్లో పరాన్నజీవులు దట్టంగా పెరిగాయి. ఆ పద్ధతిని ఉపయోగించే స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అనే పరిశోధకులు ఫ్లెబోటమస్ అర్జెంటిపెస్ అనే ఇసుక ఈగ కాటుతో కాలా అజార్ మనిషికి సంక్రమిస్తుందని 1942లో నిరూపించారు. మొక్కల రసం వంటి చిన్న విషయం ఒక మహారోగం పాకడాన్ని నిర్ణయించగలదని తెలిపిన ఈ ప్రయోగం గురించి మన పాఠశాలల్లో చెప్పాలని నా కోరిక. సికింద్రాబాద్‌లో మలేరియా రహస్యాన్ని కనుగొన్న రోనాల్డ్ రాస్ గురించి మన పిల్లలకు చెబుతాం కదా. లీష్మన్, మద్రాసులో పనిచేసిన డోనవన్ 1903లో విడివిడిగా వర్ణించిన ఈ పరాన్నజీవికి వారిద్దరి పేర్లూ కలిపి లీష్మేనియా డోనవాని అని పేరు పెట్టింది ఆ రాసే.

తిరిగి మన కొట్టానికి వద్దాం, ఎందుకంటే ఇక్కడ రెండు అపోహలు తొలగాలి. మొదటిది పశువుల గురించి. అర్జెంటిపెస్ ఈగ మనిషి రక్తంతో పాటు పశువుల రక్తాన్నీ ఇష్టంగా తాగుతుంది. కానీ మన దేశంలో కాలా అజార్ పరాన్నజీవి నిలిచి ఉండేది మనుషుల్లోనే, ఎడ్లలో, ఆవుల్లో కాదు. కొట్టం ఉంటే ఈగలు పెరిగి ప్రమాదం ఎక్కువవుతుందా, లేక పశువులు కాటును తమ మీదికి మళ్లించుకుని మనిషిని కాపాడతాయా అన్న ప్రశ్నకు పరిశోధనల్లో రెండు రకాల సమాధానాలూ వచ్చాయి. కనుక ఎడ్లను అమ్ముకోవలసిన పని లేదు, గోడను చూసుకుంటే చాలు. రెండో అపోహ, ఈగ ఉంటే రోగం ఉన్నట్టే అనుకోవడం. ఈ జాతి ఈగలు దక్షిణ భారతంలోనూ ఉన్నాయి, కాలా అజార్ మాత్రం ప్రధానంగా బీహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలకే పరిమితమైంది. 1950ల నుంచి మలేరియా కోసం గోడలకు కొట్టిన డీడీటీ అనే పురుగుమందు వల్ల అక్కడ కూడా అది దాదాపు కనుమరుగైంది, పిచికారీ ఆగిన తరువాత 1970లలో తిరిగి వచ్చింది. రెక్కల ఈగ పగటిపూట గోడ మీద, గోడ సందుల్లో విశ్రమిస్తుందనడానికి అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు.

మన ప్రాంతానికి దగ్గరి ముప్పు చండీపురా వైరస్. 1965లో నాగ్‌పూర్ ప్రాంతంలోని చండీపురా గ్రామానికి చెందిన జ్వర రోగుల రక్తంలో దీన్ని మొదటిసారి వేరుచేశారు. చాలాకాలం దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2003 జూన్ నుంచి ఆగస్టు వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపుతో ఆసుపత్రుల పాలయ్యారు, వారిలో 183 మంది చనిపోయారు. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో చండీపురా వైరస్ బయటపడింది. ఆ తరువాత కరీంనగర్ జిల్లాలో పట్టిన సెర్జెంటోమియా అనే మరో రకం ఇసుక ఈగల్లోనూ ఈ వైరస్ జాడ దొరికింది. 2024లో గుజరాత్ కేంద్రంగా మళ్లీ విజృంభించినప్పుడు జూన్ మొదటి వారం నుంచి ఆగస్టు 15 వరకు 245 మెదడువాపు కేసులు, 82 మరణాలు నమోదయ్యాయి. ఆ 245లో చండీపురాగా నిర్ధారణ అయినవి 64 మాత్రమే. మెదడువాపు అంటే ఒక లక్షణాల సముదాయం, దానికి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వంటి వేరే కారణాలు కూడా ఉన్నాయి. అన్ని కేసులకూ చండీపురా పేరు పెట్టే శీర్షికలు అనవసరమైన భయాన్ని పెంచుతాయని నా అభిప్రాయం.

చెలమ విషయంలో ఈ వైరస్‌కు, లీష్మేనియాకు మధ్య ఒక తేడా ఉంది. ఈ వైరస్‌కు గొంతు మూసే జిగురుతో పని లేదు, లాలాజలంతోనే చెలమలోకి దిగుతుంది. పైగా ఆడ ఈగ నుంచి దాని గుడ్లకు, తరువాతి తరానికి ఈ వైరస్ చేరగలదని ప్రయోగశాలలో తేలింది. అంటే మన కొట్టం నెర్రెలో నుంచి కొత్తగా వచ్చిన ఈగ, ఎవరినీ కుట్టకముందే వైరస్‌ను మోస్తూ ఉండవచ్చు.

సమయం అయిపోవస్తోంది కనుక నివారణ గురించి త్వరగా చెబుతాను. నెర్రెలను మట్టి, సున్నం కలిపి పూడ్చండి. పెంటకుప్పను, చొప్పను పడకకు దూరంగా జరపండి. పురుగుమందును గాలిలో వదలడం కంటే ఇంటి లోపలి గోడలకు, కొట్టం గోడలకు సుమారు ఆరడుగుల ఎత్తు వరకు పిచికారీ చేయడం మేలు, ఎందుకంటే ఈ ఈగ గోడ కింది భాగాల్లోనే ఎక్కువగా వాలుతుంది. మామూలు దోమతెర కన్నాల్లో నుంచి ఇది దూరిపోగలదు, సన్నని అల్లిక గలది, మందు పట్టించినది అయితే కొంత నయం. అయినా తెరలతోనే సరిపెట్టుకోవద్దు. భారత్, నేపాల్ గ్రామాల్లో జరిపి 2010లో ఫలితాలు ప్రకటించిన ఒక పెద్ద ప్రయోగంలో మందు తెరల వల్ల కాలా అజార్ సంక్రమణ చెప్పుకోదగినంతగా తగ్గలేదు. పిల్లలకు సాయంత్రం నుంచే ఒళ్లంతా కప్పే బట్టలు వేయండి, కొట్టం పక్కన నేల మీద పడుకోనివ్వకండి. కరెంటు ఉంటే ఫ్యాను వేయండి, ఆ గాలికి ఈ ఈగ నిలవలేదు.

చండీపురాకు టీకా లేదు, ప్రత్యేకమైన మందు లేదు. సకాలంలో అందే ఆసుపత్రి సంరక్షణే ఆధారం. పిల్లలకు ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం వచ్చి, వాంతులు, మూర్ఛలు, మగత కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకండి, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ వచ్చిన బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నీళ్లు గానీ, మందు గానీ, చెంచా గానీ పెట్టకండి. పిల్లల వైద్యులు, వెంటిలేటరు ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి. నదికి ఈ ఒడ్డున తెలంగాణలోనూ, ఆ ఒడ్డున మహారాష్ట్రలోనూ అంబులెన్సు కోసం పిలవవలసిన నంబరు 108.