బండి కింద పడినవాడి ఇన్సూరెన్స్

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అక్కలకు, తమ్ముళ్లకు, మా బడి పిల్లలకు నమస్కారం. రోడ్డు భద్రతా మాసం కదా, హెల్మెట్ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఆ సంగతి ఎస్ఐ గారు నాకంటే బాగా చెప్పారు. పెట్టుకోండి, వెనక కూర్చునేవాళ్లకూ పెట్టండి. నేను మాత్రం ప్రమాదం జరిగిపోయాక ఏం చేయాలో చెబుతాను. అది మాకు చెప్పినవాళ్లు లేక మా ఇల్లు చితికిపోయింది.

మా అన్నయ్య వడ్రంగి. 2014లో, 32 ఏళ్ల వయసులో, పని ముగించుకుని బండి మీద వస్తుంటే వెనక నుంచి కారు గుద్దింది. కుడి మోచెయ్యి నుజ్జయింది. కారాయన పారిపోలేదు. తన కారులోనే ఆస్పత్రికి తెచ్చాడు. ఆ మంచితనం నేను మరచిపోలేదు. కానీ క్యాజువాలిటీలో ‘దెబ్బ ఎలా తగిలింది’ అని అడిగితే ‘బండి జారి పడ్డాడు’ అని రాయించారు. రాయించింది మా నాన్నే. ‘కేసు వద్దండీ, ఖర్చంతా నేను చూసుకుంటాను’ అని కారాయన రెండు చేతులూ పట్టుకునేసరికి నాన్న కరిగిపోయాడు. 30 వేలు ఇచ్చి, తెల్లకాగితం మీద సంతకం తీసుకున్నాడు. రెండో ఆపరేషన్ నాటికి ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఆ కారుకి ఇన్సూరెన్స్ ఉంది! కేసు పెట్టి ఉంటే మా అన్నయ్యకు రావలసింది కంపెనీ కట్టేది, ఆయన జేబులోంచి రూపాయి పోయేది కాదు. ఆయన భయపడింది పోలీసు కేసుకి. అది బెయిలు దొరికే కేసే. ఈ సంగతి ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. అక్కడ నిలబడ్డ పదిమందిలో ఒక్కరికీ తెలియదు.

మోటారు వాహనాల చట్టంలో 146వ సెక్షన్ ఉంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా బండి రోడ్డెక్కకూడదని చెబుతుంది. మనం దాన్ని పోలీసులు ఆపితే చూపించే కాగితం అనుకుంటున్నాం. కాదమ్మా. అది బండి కోసం పెట్టింది కాదు, బండి కింద పడినవాడి కోసం పెట్టింది. మనిషికి గాయమైనా, ప్రాణం పోయినా ఆ పాలసీలో ఇంతే ఇస్తామన్న పరిమితి లేదు. ప్రమాద పరిహారం తేల్చే కోర్టు ఉంది, ట్రిబ్యునల్ అంటారు. అది ఎంత తేల్చితే అంత.

ఎలా తేలుస్తారో మా అన్నయ్య లెక్కే చెబుతాను. ఇది నేను రాత్రుళ్లు కూర్చుని వేసుకున్న లెక్క. నెలకు 12 వేల సంపాదన అనుకోండి, ఏడాదికి 1,44,000. 40 ఏళ్లలోపు సొంత పని చేసుకునేవాళ్లకు ముందు ముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు 2,01,600 అవుతుంది. వయసును బట్టి ఎన్ని రెట్లు కట్టాలో 2009లో సరళా వర్మ కేసులో ఇచ్చిన పట్టిక ప్రకారం 32 ఏళ్ల వాడికి దాన్ని 16తో గుణించాలి. 32 లక్షల పైచిలుకు!

మెడికల్ బోర్డు మా అన్నయ్యకు 40 శాతం వైకల్యం అని రాసింది. అలాగైతే అందులో 40 శాతమేగా అంటారు మీరు. కాదు. 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, ఒంట్లో ఎంత శాతం పోయిందని కాదు, పనిలో ఎంత పోయిందో చూడమంది. చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగంలో కొనసాగవచ్చు. అదే డ్రైవరుకో వడ్రంగికో చెయ్యి పోతే దాదాపు నూటికి నూరు శాతం సంపాదన పోయినట్టే. ఆ తీర్పులో వడ్రంగి అన్న మాటే ఉంది. అది చదివిన రోజు నేను అన్నం తినలేకపోయాను. మా అన్నయ్య ఇప్పుడు ఎడమచేత్తో తలుపులకు పాలిష్ పెడుతున్నాడు. ఉలి పట్టుకోలేడు.

తర్వాత కేసు వేశాం. కంపెనీ లాయరు ఆస్పత్రి రిజిస్టరు కాగితం ఒక్కటి చూపించాడు. ‘జారి పడ్డాడు’ అని మీ నాన్నగారే చెప్పారుగా అన్నాడు. ఎఫ్ఐఆర్ లేదు, బండి నంబరు ఎక్కడా లేదు. కొట్టేశారు. నాన్న ఆ కాగితం తలుచుకుంటూనే పోయాడు.

అందుకే చేతులు జోడించి అడుగుతున్నాను. ఆస్పత్రిలో అబద్ధం చెప్పకండి. బండి నంబరు చెప్పండి, పోలీసులకు కబురు వెళ్లేలా మెడికో లీగల్ కేసుగా రాయించండి. బాగోగులు తర్వాత మాట్లాడుకోవచ్చు, రాజీ కావాలంటే లోక్ అదాలత్‌లో చేసుకోవచ్చు. ఆస్పత్రి మెట్ల మీద మాత్రం వద్దు.

ఇంకా కొన్ని త్వరగా చెబుతాను. ట్రిబ్యునల్‌లో పిటిషన్ ఆరు నెలల్లోపు వేయాలని 2022 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది, కట్టు విప్పేదాకా ఆగొద్దు. ప్రమాదం ఏ ఊళ్లో జరిగినా మీరుండే చోటి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. గుద్దినవాడు పారిపోయి బండి దొరక్కపోతే, మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. 2025 మే నుంచి, పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో ఏడు రోజుల పాటు లక్షన్నర దాకా నగదు కట్టకుండా వైద్యం చేయించుకునే పథకం కూడా ఉంది.

అక్కల్లారా, మీకు ఒక మాట. ఇంటిపని చేసే ఆడమనిషి చనిపోతే ‘ఆమెకు సంపాదన ఏముంది’ అని కంపెనీ వాళ్లు అంటారు. ఆ పనికీ విలువ కట్టాలని సుప్రీంకోర్టు 2021లో మళ్లీ చెప్పింది. వదులుకోకండి.

ఇప్పుడు చేతులెత్తండి. మీ బండి ఇన్సూరెన్స్ ఏ తేదీకి అయిపోతుందో ఎంతమందికి తెలుసు? నలుగురు. కొత్త బైకు కొన్నప్పుడు థర్డ్ పార్టీకి ఐదేళ్లకు ఒకేసారి కట్టించుకుంటారు, ఆ ఐదేళ్లూ అయ్యాక మనం మరిచిపోతాం. ఆ తర్వాత మీ బండి ఎవరికైనా తగిలితే, పడినవాడికి ఇవ్వడానికి కంపెనీ ఉండదు. మీ పొలమో ఇల్లో అమ్మాలి. అమ్మడానికి ఏమీ లేకపోతే వాడు మా అన్నయ్యలా మిగిలిపోతాడు.

ముందు వరుసలో బాబు అడుగుతున్నాడు, బండి వెనక కూర్చున్నవాడికి వస్తుందా అని. మంచి ప్రశ్న నాన్నా. వేరే బండి గుద్దితే ఆ బండి ఇన్సూరెన్స్ నుంచి వస్తుంది. మీ బండే జారిపడితే, చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే రాదు, మన బండికి నష్టం జరిగినా ఇచ్చే ప్యాకేజీ పాలసీ అయితే వస్తుంది. మీ నాన్న బండిది ఏ పాలసీయో ఆయన ఫోన్‌లో ఉంటుందేమో తెరిపించు. నేను కిందికి వస్తున్నాను, కలిసి చూద్దాం.