ఫాల్ బాక్స్ రివ్యూ: పంప్కిన్ స్పైస్‌ని స్టీల్ ఫిల్టర్‌లో వేసి చూశాను

హాయ్ అండీ, నమస్తే. న్యూజెర్సీలో చలి మొదలైపోయింది. ఇవాళ పొద్దున్నే మా ఇంట్లో హీటర్ మొదటిసారి ఆన్ అయింది, ఎండాకాలమంతా లోపల పేరుకున్న దుమ్ము కాలిన వాసన ఇల్లంతా వచ్చింది. ఇక్కడ ఉండేవాళ్లకి ఆ వాసన బాగా తెలుసు, నాకు ఫాల్, అంటే ఆకురాలే కాలం వచ్చిందని అదే చెబుతుంది.

ముందే చెప్పేస్తున్నాను, ఈ బాక్స్ కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో కూడా వాళ్లకి ముందు చూపించలేదు. ధర, బరువు, రంగులు అన్నీ కింద డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి, అన్‌బాక్సింగ్ వీడియోలు మీరు ఇప్పటికే చూసి ఉంటారు, అవన్నీ మళ్లీ చదవను. సిరప్ సీసా, పంప్కిన్ స్పైస్ మసాలా డబ్బా, కొవ్వొత్తి, గళ్ల దుప్పటి, ఈ నాలుగూ మూడు వారాలు వాడాను. సగం టైమ్ మసాలా డబ్బా మీదే పోతుంది, ఎందుకంటే నా మనసు దాని మీదే పడింది.

ఇండియా నుంచి చూసేవాళ్ల కోసం ఒక్క మాట. ఇక్కడ ఆగస్టు నెలాఖరుకే, ఇంకా ఏసీలు ఆగకుండా తిరుగుతుండగానే, కాఫీ షాపుల్లో పంప్కిన్ స్పైస్ బోర్డులు పెట్టేస్తారు. సెప్టెంబర్‌లో గళ్ల చొక్కాలు, బూట్లు బయటికొస్తాయి, ఇళ్ల ముందు గుమ్మడికాయలు, చామంతి కుండీలు దిగుతాయి. అక్టోబర్‌లో ఆపిల్ తోటలు, వేడి వేడి సైడర్ డోనట్లు, ఎర్రబడ్డ చెట్ల కింద ఫ్యామిలీ ఫొటోలు. నేనొచ్చి 11 ఏళ్లయింది, ఈ వరుస ఒక్కసారి కూడా మారలేదు. దీన్ని వెక్కిరించేవాళ్లు చాలామంది ఉన్నారు, మళ్లీ అదే కాఫీ, మళ్లీ అవే ఫొటోలు అని. నాకు మాత్రం అదే ఇష్టం. సంక్రాంతికి ముగ్గేస్తే మళ్లీ ముగ్గేనా అని మనం అడుగుతామా? రోజు వచ్చింది కాబట్టి వేస్తాం, వేసినందుకు సంతోషంగా ఉంటుంది.

సరే, డబ్బా. చూడండి, మూత ఇలా తిప్పి తీయగానే ముందు దాల్చినచెక్క వాసన వస్తుంది. చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య గట్టిగా నలపండి, వేళ్లకి కాస్త వెచ్చదనం తగిలాక శొంఠి ఘాటు బయటికొస్తుంది, ఆ తర్వాత లవంగం, చివర్లో జాజికాయ. కళ్లు మూసుకుంటే బాలింతలకి మా అమ్మమ్మ దంచిపెట్టే శొంఠిపొడి గుర్తొచ్చింది నాకు, నిజంగా! వెనక లేబుల్‌లో దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, ఆల్‌స్పైస్ (మిరియాల్లా కనిపించే ఒక మసాలా గింజ), లవంగం అని ఉంది. ఇక్కడి లేబుల్స్‌లో బరువు ఎక్కువున్నది ముందు రాస్తారు, అంటే శొంఠి రెండో స్థానంలో ఉంది. నేను కొన్న చాలా డబ్బాల్లో ఆ శొంఠి పేరుకే ఉండేది. ఈ డబ్బా నాకు నచ్చడానికి అసలు కారణం అదే.

పేరులో పంప్కిన్ ఉంది కదా, గుమ్మడికాయ ఎక్కడా అని చాలామంది అడుగుతారు. ఇది గుమ్మడికాయతో చేసే 'పంప్కిన్ పై' అనే తీపి వంటకం కోసం పుట్టిన మసాలా అండీ, గుమ్మడికాయలోకి వేసేది. మెకార్మిక్ కంపెనీ 1934 నుంచే దీన్ని కలిపి డబ్బాలో అమ్ముతోంది. స్టార్‌బక్స్ కాఫీ షాపుల్లో పంప్కిన్ స్పైస్ లాటే వచ్చింది 2003లో, అందులో అసలు గుమ్మడి గుజ్జు వేయడం మొదలుపెట్టింది 2015లో. అప్పటిదాకా జనం తాగింది ఈ మసాలా సువాసననే.

ఇప్పుడు దీన్ని కాఫీలో ఎలా వేయాలి? నేరుగా కప్పులో వేస్తే పొడి కరగదు. సగం నురగ మీద తేలుతుంది, సగం అడుక్కి చేరుతుంది, చివరి గుక్కలో ఇసుకలా నోట్లోకొస్తుంది. ఆ ఒక్క గుక్క కోసం కప్పంతా పాడైనట్టు ఉంటుంది నాకు. అందుకని మన స్టీల్ ఫిల్టర్ తీశాను. మొదటిరోజు రాత్రి పైగిన్నెలో అడుగున మసాలా, దాని మీద కాఫీ పొడి వేసి వేడినీళ్లు పోశాను. పొద్దున్నకి కూడా నీళ్లు దిగలేదు! దాల్చినచెక్క పొడి వేడినీళ్లు తగలగానే బంకలా అవుతుంది, చిల్లులన్నీ మూసేసింది. రెండోరోజు మూడు చెంచాల కాఫీ పొడిలో పావు చెంచా మసాలా బాగా కలిపి, అడుగున మాత్రం ఉత్త కాఫీ పొడి ఒక పొర వేసి, పైన బిళ్ల పెట్టి నీళ్లు పోశాను. కాస్త నెమ్మదిగానే కానీ చక్కగా దిగింది. చిక్కటి డికాక్షన్, అడుగున మసాలా పలుకే లేదు, పాలు కలపగానే ఆ సువాసన లేచింది చూడండీ, మా ఆయన పక్క గదిలోంచి వచ్చి "ఏం చేస్తున్నావ్?" అని అడిగారు. పంచదార ఒక్క చెంచా చాలు. పావు చెంచా దాటితే మాత్రం లవంగం చేదు తెలుస్తుంది, జాగ్రత్త. మూడు వారాలుగా మా ఇంట్లో సాయంత్రం కాఫీ ఇదే.

సిరప్ గురించి త్వరగా చెప్పేస్తాను. లేబుల్‌లో మొదటి మాటే పంచదార. నాలుక మీద తీపి తప్ప ఇంకేమీ నిలవలేదు, శొంఠి జాడే లేదు. ఇంత మంచి మసాలా చేసే కంపెనీ దాన్నే పాకంలో వేసి ఉడికించి వడకట్టి ఇవ్వొచ్చు కదా? నాకు కోపం వచ్చింది, సగం సీసా అలాగే ఉంది.

కొవ్వొత్తి ఫరవాలేదు, కానీ వెనిల్లా ఎక్కువైంది. రెండేళ్ల క్రితం ఒక షాపులో ఇలాంటిదే కొన్నాను, అరగంటకే తలనొప్పి పట్టుకుంది, తిరిగి ఇవ్వబోతే వెలిగించారు కదా అని తీసుకోలేదు. దీనికి తలనొప్పి అయితే రాలేదు. ఒక చిట్కా చెప్తాను, మొదటిసారి వెలిగించినప్పుడు మైనం గాజు అంచుదాకా కరిగేవరకు ఆర్పకండి. లేకపోతే మధ్యలో గుంతపడి చుట్టూ మైనం వృథా అవుతుంది. దుప్పటి మెత్తగా ఉంది, రెండుసార్లు ఉతికినా నూలు లేవలేదు, మా పాప దాన్ని వదలట్లేదు.

ఈ బాక్స్‌లో లేనిది, నేను ఉండాలని కోరుకునేది ఒకటుంది, పువ్వులు. ఇక్కడ ఫాల్‌లో ప్రతి తోట షాపు ముందూ చామంతి కుండీలు వరసగా పెడతారు, మమ్స్ అంటారు. సరిగ్గా మన బతుకమ్మ రోజుల్లోనే! మా అమ్మది ఖమ్మం, చిన్నప్పుడు పొద్దున్నే తంగేడు, గునుగు కోసుకురావడానికి చెరువుగట్టు దాకా వెళ్లేవాళ్లం. తంగేడు ఇక్కడ దొరకదు. కానీ మమ్స్ పక్కనే సెలోషియా అని రాసున్న కుండీలు ఉంటాయి, వేలితో ముట్టుకోండి, ఆ కుచ్చు మన గునుగే అనిపిస్తుంది, జాతి ఒకటే మరి. పోయినేడాది మూడు రంగుల చామంతులు, ఈ సెలోషియా, బంతిపూలతో ఐదు వరసలు పేర్చి, పైన పసుపు గౌరమ్మని పెట్టాను. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "గునుగు ఎక్కడ దొరికిందే?" అంది. అదే కాల్‌లో ఎదురింటి గుమ్మం ముందు చెక్కిన గుమ్మడికాయ చూసి "దిష్టికి పెట్టారా?" అని అడిగింది. ఆవిడ అడిగిన దాంట్లో నిజముంది. ఐర్లండ్‌లో టర్నిప్‌లు చెక్కి దీపం పెట్టేది దుష్టశక్తులు దగ్గరికి రాకూడదనే, అక్కడి నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ గుమ్మడికాయకి మారారు.

ఆ చెక్కే కాయ కూరకి బాగుండదండీ, చప్పగా, పీచుగా ఉంటుంది. డబ్బాలో అమ్మే గుజ్జు వేరు. లిబ్బీస్ కంపెనీ వాళ్లు ఇల్లినాయ్‌లోని మోర్టన్‌లో డబ్బాలకెత్తేది డికిన్సన్ అనే రకం, పైకి లేత గోధుమరంగులో ఉంటుంది, మన కూర గుమ్మడిదీ దానిదీ ఒకే జాతి, కుకుర్బిటా మోస్కాటా. అందుకే ఆ గుజ్జు నెయ్యిలో వేయించి, బెల్లం, ఈ మసాలా చిటికెడు వేసి హల్వా చేస్తే కుదురుతుంది. నేను రెండుసార్లు చేశాను, రెండోసారి స్నేహితుల ఇంటికి పట్టుకెళ్తే గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది.

కొనాలా వద్దా? మొత్తం బాక్స్ కొనకండి, మసాలా డబ్బా విడిగా అమ్ముతున్నారు, అది కళ్లు మూసుకుని కొనండి. అది దొరక్కపోతే ఇంట్లోనే రెండు చెంచాల దాల్చినచెక్క పొడికి ఒక చెంచా శొంఠి, అర చెంచా జాజికాయ, పావు చెంచా లవంగం కలుపుకోండి, ఆల్‌స్పైస్ లేకపోయినా నడుస్తుంది. సిరప్ అయితే ఎవరికీ కొనమని చెప్పను.

ఈ శనివారం ఆపిల్ తోటకి వెళ్తున్నాం, ప్రతి ఏడాదీ వెళ్లేచోటికే. గ్రానీ స్మిత్ అనే పుల్లటి ఆకుపచ్చ ఆపిల్స్ కోతకి వచ్చి ఉంటే పది పౌండ్లు తెచ్చి ఆవకాయ పెడతాను, మామిడికాయ లేని ఊళ్లో ఆ పులుపే మనకి దిక్కు. వచ్చే వారం ఆ వీడియో. ఆవపిండి ఇక్కడ ఏ షాపులో బాగుంటుందో మీకు తెలిస్తే కింద రాయండి, వెళ్లేలోపు చూస్తాను.