ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ మార్చొచ్చా? సాకెట్ దగ్గర ఆ ఒక్క స్క్రూ సంగతి

అందరికీ నమస్తే. ఈ పాత ల్యాప్‌టాప్‌లో ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ ఐ3-2310ఎం తీసేసి, ఐ5-2520ఎం పెడుతున్నాం. రెండూ 35 వాట్లే కాబట్టి కూలింగ్ గురించి టెన్షన్ లేదు.

ఏదైనా విప్పే ముందు సీపీయూ-జెడ్ తెరవండి, ప్రాసెసర్ వివరాలు చూపించే ప్రోగ్రామ్ అది. ఇదిగో, ప్యాకేజ్ అనే గడి చూడండి. సాకెట్ 988బి, ఆర్‌పీజీఏ. సాకెట్ అంటే బోర్డు మీద చిప్ కూర్చునే చోటు. పీజీఏ అంటే పిన్నులున్న చిప్, ఊడొస్తుంది. అక్కడ బీజీఏ అని ఉంటే ఇక వీడియో ఆపేయొచ్చు, అది బోర్డుకే అతికించి ఉంటుంది. ఇంటెల్ ఐదో తరం నుంచి ల్యాప్‌టాప్ చిప్‌లన్నీ అంతే. నాలుగో తరంలో కూడా పేరు చివర ఎంక్యూ ఉంటే ఊడొస్తుంది, హెచ్‌క్యూ ఉంటే రాదు. ఒక్క అక్షరం! 988ఏ, 988బి కూడా అంతే, చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకదాని చిప్ ఇంకోదాంట్లో కూర్చోదు. బయాస్, అంటే ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్, అది కూడా కొత్త చిప్‌ని ఒప్పుకోవాలి, ముందే చూసుకోండి.

సరే, బ్యాటరీ తీశాం, మూత తీశాం, ఫ్యాన్ వైరు, చిప్ వేడిని లాగే హీట్‌సింక్ స్క్రూలు... ఇవి చూస్తూ ఉండండి, చెప్పేదేం లేదు. చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఉండే పాత థర్మల్ పేస్ట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేయండి. నేనైతే కాఫీ ఫిల్టర్ కాగితం వాడతా, టిష్యూ అయితే పోగులు వదుల్తుంది.

ఇప్పుడు ఇక్కడ ఆగండి, కెమెరా దగ్గరికి తెస్తాను. డెస్క్‌టాప్‌లో లాగా లివర్ ఉండదు. సాకెట్ అంచున ఈ గాడి ఉన్న స్క్రూ ఉంది చూశారా? పక్కనే ప్లాస్టిక్ మీద చిన్న తాళం బొమ్మలు, ఒకటి తెరిచింది, ఒకటి మూసింది. ఇది ఊడొచ్చే స్క్రూ కాదు. సగం చుట్టు తిరుగుతుంది, అంతే. ఫ్లాట్ స్క్రూడ్రైవర్‌తో తెరిచిన తాళం వైపు... ఆఁ, పైపలక కొద్దిగా జరిగింది చూడండి. ఇప్పుడు చిప్ నిటారుగా పైకి. ఏటవాలుగా లాగితే పిన్ను వంగుతుంది.

కొత్తది, ఈ మూల బంగారు త్రికోణం సాకెట్ గుర్తుకి ఎదురుగా. వదిలేస్తే దానంతటదే దిగుతుంది. నొక్కొద్దు. నొక్కాల్సొస్తే ఏదో తప్పుంది.

మళ్లీ స్క్రూ. మూసిన తాళం వైపు, సగం చుట్టు. మొదటిసారి నేను ఇదే మర్చిపోయాను. చిప్ చక్కగా కూర్చున్నట్టే కనిపించింది, మొత్తం బిగించేశాను. ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ నలుపు. ర్యామ్ మార్చి చూశా, చిప్పే పోయిందనుకున్నా. గంట తర్వాత మళ్లీ విప్పితే... తెరిచిన తాళం! అందుకే ఇప్పుడు హీట్‌సింక్ పెట్టే ముందు ఈ స్క్రూని ఫోన్‌లో ఫొటో తీసుకుంటా.

పేస్ట్ బఠాణీ గింజంత కూడా అక్కర్లేదు, ఇంకా తక్కువే. హీట్‌సింక్ స్క్రూలు దాని మీదే అంకెలుంటాయి, ఆ వరసలో. ఆన్ చేద్దాం... బయాస్... ఇదిగో, 2520ఎం.